రహస్యపు వరుసను కనుగొనుట ఎట్లు?

పల్నాటి పిల్లలకు పులి–మేక ఆట క్రొత్త కాదు. ఆ ఆటలో పులులు ఎచట నున్నవో, మేకలు ఎచట నున్నవో ఆడువారిరువురికిని కనిపించుచుండును, దాపరికమేమియు లేదు. దానికి భిన్నమైన ఆట ఒకటి కలదు. అందు ఒకరు రంగుల వరుసను కూర్చి దాచెదరు. రెండవవారు ఊహించి దానిని కనుగొనవలెను. మాస్టర్‌మైండ్ అను ఈ ఆటను ఇజ్రాయెల్ దేశీయుడగు మొర్దెకై మైరోవిట్జ్ 1970లో రూపొందించెను. మొదట రంధ్రముల పలకపై రంగు మేకులతో ఆడిన ఈ ఆటను నేడు నరసరావుపేట విద్యార్థి చేతి ఫోనులో అంతర్జాలము ద్వారా ఆడవచ్చును. అచట రహస్యమును దాచునది యంత్రము.

రంగులు ఆరు, స్థానములు నాలుగు. ఒకే రంగు మరల రావచ్చును. ఊహలోని రంగు, స్థానము రెండును సరియైనచో ఒక నల్ల గుర్తు, రంగు ఉండియు స్థానము తప్పినచో ఒక తెల్ల గుర్తు లభించును. ఏ గుర్తు ఏ స్థానమునకు చెందినదో మాత్రము చెప్పరు.

ప్రతి స్థానమునకు ఆరు అవకాశములు గనుక మొత్తము వరుసలు 6×6×6×6, అనగా 1296. అయినను ఏ వరుసనైనను ఐదు ఊహలలోనే కనుగొనవచ్చునని అమెరికా శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ క్నూత్ 1977లో నిరూపించెను. ఇది ఎట్లు సాధ్యము?

మొదటి ఊహలో నాలుగును ఎఱుపే పెట్టితిమనుకొందము. ఒక్క గుర్తును రానిచో ఎఱుపు తొలగును. ఇంకను 5×5×5×5, అనగా 625 వరుసలు మిగులును. అట్లుగాక రెండు ఎఱుపు, రెండు నీలము పెట్టినచో, ఏ జవాబు వచ్చినను మిగులునవి 256కు మించవు. ఒక్క గుర్తును రానప్పుడు విద్యార్థి తన ఊహ వ్యర్థమైనదని నిరాశ పడును. నిజమునకు ఆ ఊహ 1040 వరుసలను ఒక్కసారిగా తుడిచివేసినది! కావున మంచి ఊహ యనగా అదృష్టముపై ఆశతో వేయునది కాదు. ఏ జవాబు వచ్చినను వీలైనన్ని అవకాశములను తొలగించునది. క్నూత్ పద్ధతిలో ప్రతి ఊహను ఇట్లే ఎన్నుకొందురు.

ప్రయోగశాలలో జరుగునదియు ఇదియే. లవణ ద్రావణమునకు విలీన హైడ్రోక్లోరికామ్లము కలిపినపుడు తెల్లని అవక్షేపము రాలేదనుకొనుడు. పరీక్ష విఫలమైనదా? కాదు; ఆ ద్రావణములో వెండి లేదని తేలినది. "లేదు" అను జవాబును కొట్టివేయక, దానిని వ్రాసి పెట్టుకొనువాడే ముందునకు పోగలడు.

ఈ ఆటకు ఫోను తప్పనిసరి కాదు. మాచెర్ల, గురజాల ప్రాంతపు పాఠశాలలలో ఉపాధ్యాయులు రంగులకు బదులు కంది, పెసర, శనగ, మినుము, పత్తి, చింత గింజలను వాడవచ్చును. ఎఱుపు, ఆకుపచ్చల భేదమును గుర్తింపలేని పిల్లలకును ఇవి అనుకూలము.

చివరగా విద్యార్థులకొక ప్రశ్న. ఊహ: కంది, కంది, పెసర, పెసర. జవాబు: రెండు నల్ల, రెండు తెల్ల గుర్తులు. మిగులు వరుసలెన్ని? కాగితముపై వ్రాసి చూడుడు. 1296లో నాలుగే నిలుచును.