లూథరునకు కతోలిక శ్రీసభ యిచ్చిన ప్రత్యుత్తరము

ఒక సంఘమునందు దోషమున్నదని యెవడైనను బిగ్గరగా చెప్పినపుడు, ఆ సంఘము మూడు విధముల నుత్తరమీయగలదు. చెప్పినవాని వాదమును ఖండింపవచ్చును, వానిని దండింపవచ్చును, లేక తన యింటిని తాను చక్కబెట్టుకొనవచ్చును. పదునారవ శతాబ్దమున ఐరోపాఖండమునందు ప్రొటెస్టంటు మతము తలయెత్తినపుడు కతోలిక శ్రీసభ యీ మూడింటిని అవలంబించెను. అందేది నిలిచినదో, ఏది నశించినదో విద్యార్థులు తెలిసికొనదగినది.

1517 అక్టోబరు 31వ తేదీన, జర్మనీదేశమందలి విట్టెన్‌బర్గు విశ్వవిద్యాలయమున వేదశాస్త్ర బోధకుడగు మార్టిన్ లూథరు తొంబదియైదు ప్రతిపాదనలను ప్రకటించెను. రోమునగరమున పేతురు దేవాలయ పునర్నిర్మాణమునకై ధనము కూర్చుటకు, పాపమువలన గలుగు దండనను తగ్గించు క్షమాపణ పత్రములను ద్రవ్యము పుచ్చుకొని యిచ్చుచుండుట నాతడు సహింపలేకపోయెను. 1520లో పోపు పదియవ లియో లూథరు వాక్యములలో నలువదియొకటి దూష్యములని శాసించెను. ఆ శాసనపత్రమును లూథరు బహిరంగముగా దహించెను. మరుసటి జనవరిలో శ్రీసభ యాతనిని బహిష్కరించెను. కాని యప్పటికే అచ్చుయంత్రము లూథరు మాటలను జర్మను భాషలో ఊరూరికి మోసికొనిపోయియుండెను. ఖండనమువలన నా మాట లణగలేదు.

ఇక దండనము. 1542లో పోపు మూడవ పౌలు రోమునందు మతవిచారణ న్యాయస్థానమును నెలకొల్పెను. 1559లో పోపు నాల్గవ పౌలు నిషిద్ధ గ్రంథముల పట్టికను ప్రకటించెను. ఇటలీ, స్పెయిను దేశములలో నూతన మతము వేరూనకుండుటకు ఈ కాఠిన్యము కొంత కారణమయ్యెను. ఫ్రాన్సు దేశమునందైతే 1562 మొదలు 1598 వరకు అంతర్యుద్ధములు చెలరేగెను. 1572 ఆగస్టులో పారిసునగరమున ఆరంభమైన హత్యాకాండయందు వేలకొలది ప్రొటెస్టంటులు కూలిరి. బలాత్కార మొక పక్షముననే యుండెనని తలపరాదు. ప్రొటెస్టంటుల జెనీవా నగరమున 1553లో సెర్వెటసు అను పండితుడు సజీవముగా దహింపబడెను. ఎలిజబెత్తు రాణి కాలమున ఇంగ్లండునందు కతోలిక గురువులు పలువురు ఉరికంబమెక్కిరి. భయము నోళ్లను మూయింపగలిగెనేగాని, విడిపోయిన దేశములను మరల గలుపలేకపోయెను.

మూడవ యుత్తరము సంస్కరణము. మూడవ పౌలు నియమించిన తొమ్మండుగురు ప్రముఖుల సంఘము 1537లో నొక నివేదికను సమర్పించెను. వారిలో కార్డినలు కాంటరీని అగ్రగణ్యుడు. అయోగ్యులు గురుత్వమున ప్రవేశించుచున్నారనియు, బిషప్పులు తమ మేత్రాసనములను విడిచి పరస్థలముల నివసించుచున్నారనియు, ఈ దోషములకు రోమునందే మూలమున్నదనియు ఆ నివేదిక నిర్భయముగా పలికెను. రహస్యముగా నుండవలసిన యా పత్రము అచ్చుపడి బయటికి వచ్చెను. లూథరే దానిని పరిహాసపు పీఠికతో జర్మను భాషలో 1538లో ప్రకటించెను! అయినను, రోగమును ఒప్పుకొనినగాని చికిత్స మొదలుకాదు గదా!

ఆ చికిత్సయే ట్రెంటు మహాసభ. అది 1545 డిసెంబరు 13న ప్రారంభమై, యుద్ధాది విఘ్నములవలన రెండుమారులు ఆగి, 1563 డిసెంబరు 4న ముగిసెను. తొలినాడు వచ్చిన బిషప్పులు ముప్పదిమందియైనను లేరు. తుదినాటి నిర్ణయములపై రెండువందలకు పైగా సభ్యులు చేవ్రాలు చేసిరి. సిద్ధాంత విషయమున సభ లూథరునకు లొంగలేదు. వేదగ్రంథముతోపాటు పరంపరాగత బోధయు ప్రమాణమనియు, దివ్యసంస్కారములు ఏడనియు నిర్ణయించెను. ఆచార విషయమున మాత్రము అతడు చూపిన గాయములు కొన్నింటిని మాన్పబూనెను. బిషప్పు తన మేత్రాసనముననే నివసించి ప్రసంగింపవలెననెను. క్షమాపణ పత్రములకై ద్రవ్యము వసూలుచేయు నుద్యోగమును 1562లో రద్దుచేసెను.

1563 జూలైలో చేసిన శాసనము మనకు మిక్కిలి ముఖ్యమైనది. అంతవరకు గురువు కాగోరువారికి నియతమైన శిక్షణ సర్వత్ర లేకుండెను. ఇకమీదట ప్రతి మేత్రాసనమునందు నొక గురువిద్యాలయ ముండవలెను. పండ్రెండేండ్లు నిండి, చదువను వ్రాయను నేర్చిన బాలురను అందు చేర్చుకొనవలెను. బీదల బిడ్డలకు ముందు చోటీయవలెను. ధనికుల బిడ్డలు తమ ఖర్చు తామే భరింపవలెను. చాలకాలముగా ఆర్చిబిషప్పు నివసింపని మిలాను నగరమున చార్లెస్ బొరోమియో 1565లో ప్రవేశించి, ఈ శాసనములను అమలుపరచెను. 1576లో మహామారి చెలరేగినపుడు పలువురు పారిపోగా, ఆయన నగరము విడువక రోగులను పరామర్శించెను.

ఇగ్నేషియస్ లొయోలా స్థాపించిన యేసుసభ 1540లో పోపు ఆమోదమును పొందెను. పాఠశాలలు నడుపుట యా సభ తొలి సంకల్పము కాదు. 1548లో సిసిలీ ద్వీపమందలి మెస్సీనా పౌరులు కోరగా నొక కళాశాలను తెరచి, జీతము పుచ్చుకొనక బోధించిరి. 1556లో లొయోలా మరణించునాటికి అట్టివి ముప్పదికి పైగా నుండెను. 1599లో తరగతులకు, పాఠములకు, పరీక్షలకు నియమములు గల బోధనా ప్రణాళిక వెలువడెను.

ఇచ్చట నొక విశేషము గమనింపుడు. పాఠశాలలను స్థాపింపుడని లూథరు జర్మను పట్టణాధికారులకు 1524లోనే వ్రాసెను. 1529లో బాలురకై ప్రశ్నోత్తరరూపమున చిన్న ఉపదేశగ్రంథమును రచించెను. దానికి మారుగా యేసుసభకు చెందిన పీటరు కనీసియసు 1555 మొదలు పండితులకు, విద్యార్థులకు, పసిబిడ్డలకు వేరువేరుగా మూడు ప్రశ్నోత్తర గ్రంథములను కూర్చెను. అగ్నితో వాదించుకొనినవారే బడిపుస్తకముతోడను వాదించుకొనిరి. ఈ రెండవ వాదమువలన ఉభయపక్షముల పిల్లలకును చదువు వచ్చెను.

ఆ వాదఫలము మన తెలుగుదేశమునకును వచ్చినది. గుంటూరులో లూథరన్ మిషనువారు 1885లో నెలకొల్పిన కళాశాల ఆంధ్ర క్రైస్తవ కళాశాలగా వర్ధిల్లెను. కృష్ణానది కావలియొడ్డున విజయవాడలో యేసుసభవారు 1953లో ఆంధ్ర లొయోలా కళాశాలను స్థాపించిరి. నిషిద్ధ గ్రంథముల పట్టిక 1966లో రద్దయ్యెను. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గునందు కతోలిక శ్రీసభయు ప్రపంచ లూథరన్ సమాఖ్యయు, మానవుడు దైవకృపచేతనే విశ్వాసముద్వారా నీతిమంతుడగునను మూలవిషయమున తమకు ఏకాభిప్రాయము గలదని సంయుక్త ప్రకటనపై చేవ్రాలు చేసిరి. మన ఆంధ్ర సువార్త లూథరన్ సంఘమును ఆ సమాఖ్యలోనిదే. భేదములన్నియు తీరలేదు, కాని శాపవాక్యముల స్థానమున సంభాషణ నిలిచినది.

కావున, విద్యార్థులారా! పరులు మనయందు తప్పు చూపినపుడు, మొదట నోరును పిమ్మట చేయియు లేచుట సహజము. ఆ తప్పు నిజమైనచో దానిని దిద్దుకొనుటయే చిరకాలము నిలుచు నుత్తరమని యీ చరిత్ర మనకు బోధించుచున్నది.