గుర్రాలలో కొయ్య కొరకడం, మన్ను తినడం: మేపులోని కారణాలు

సాలలో కట్టివేసిన గుర్రం మేత తొట్టి అంచును కొరకడం, కంచె గుంజల బెరడు చీల్చడం, బయటికి వదిలినప్పుడు ఒకేచోట నేలను నాకి మన్ను తినడం యజమానులు తరచుగా పశువైద్యుల దృష్టికి తెచ్చే లక్షణాలు. ఆహారం కాని పదార్థాలను తినే ఈ స్వభావాన్ని పశువైద్యంలో ‘పైకా’ అంటారు. పాడి పశువులలో దీనిని భాస్వర లోపానికి గుర్తుగా భావించి ఖనిజ లవణ మిశ్రమాన్ని సూచించడం పరిపాటి. అదే సూత్రాన్ని గుర్రానికి యథాతథంగా అన్వయిస్తే అసలు కారణం మరుగున పడే ప్రమాదం ఉంది. గుర్రం నెమరు వేయదు. కాబట్టి విచారణ మొదలుకావలసిన చోటు కూడా వేరు.

ముందుగా ఒక భేదాన్ని గుర్తించాలి. గుర్రం తొట్టి అంచును పై ముందు పళ్ళతో పట్టుకొని, మెడ బిగించి, శబ్దంతో గాలిని లోపలికి తీసుకుంటే అది ‘క్రిబ్బింగ్’ అనే ప్రవర్తనా లోపం. కొయ్యను నిజంగా కొరికి నమలడం దీనికి భిన్నం. ఈ వ్యాసం రెండవదానికి, మన్ను తినడానికి పరిమితం.

కొయ్య కొరకడానికి కారణాలలో పీచు కొరతకే ప్రథమ స్థానం ఇవ్వాలి. స్వేచ్ఛగా మేసే గుర్రం రోజులో సగానికి పైగా కాలం మేతలోనే గడుపుతుంది. దాని జీర్ణాశయం చిన్నది. మేత ఉన్నా లేకున్నా అందులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. ఆ ఆమ్లాన్ని తటస్థపరిచే లాలాజలం మాత్రం నమిలినప్పుడే స్రవిస్తుంది. ఒక కిలో ఎండుగడ్డి నమలడానికి గుర్రానికి సుమారు 40 నిమిషాలు పడితే, కిలో గింజ దాణా దాదాపు 10 నిమిషాలలో ముగుస్తుంది. రెండు పూటలా దాణా పెట్టి, కొద్దిపాటి గడ్డి వేసి కట్టివేసిన గుర్రానికి కడుపు నిండినా నమలవలసిన అవసరం తీరదు. అప్పుడు అందుబాటులో ఉన్న పీచు కొయ్య మాత్రమే.

దీనికి తోడు, చిన్నప్రేగులో జీర్ణం కాక మిగిలిన పిండిపదార్థం సీకం అనే అంధనాళానికి చేరి వేగంగా పులుస్తుంది. అక్కడ ఆమ్లత పెరుగుతుంది. ఎండుగడ్డిపై ఉన్న గుర్రాలతో పోలిస్తే దాణాపై ఉన్న గుర్రాలలో సీకం పీహెచ్ తక్కువగా ఉండటం, అవి కొయ్య నమలడంలో ఎక్కువ కాలం గడపడం 1977లో ప్రచురితమైన ప్రయోగంలోనే వెల్లడైంది. ఆంగ్లంలో గుర్రం పేరుతోనే పిలువబడే ఉలవలు మంచి మాంసకృత్తుల దాణాయే. అయినా అవి గడ్డికి ప్రత్యామ్నాయం కావు. శరీర బరువులో కనీసం 1.5 శాతం పొడి పదార్థం గడ్డి రూపంలో అందాలి. అంటే 400 కిలోల గుర్రానికి 6 కిలోలు. దానిని మూడు నాలుగు విడతలుగా, వీలైతే వలసంచిలో ఇచ్చి నమిలే కాలాన్ని పొడిగించాలి. మేపులో మార్పును 10 నుంచి 14 రోజులలో క్రమంగా చేయాలి.

మన్ను తినడం విషయంలో మొదట చూడవలసింది ఉప్పు. గడ్డిలో పొటాషియం సమృద్ధిగా ఉన్నా సోడియం స్వల్పం. పని లేని 500 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 10 గ్రాముల సోడియం, అంటే 25 గ్రాముల ఉప్పు అవసరం. లీటరు చెమటలో సుమారు 3 గ్రాముల సోడియం పోతుంది కనుక వేసవిలో పరుగుపెట్టే గుర్రానికి ఈ అవసరం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఉప్పు గడ్డ నాకడం చాలని గుర్రాలకు పొడి ఉప్పును దాణాలో కలిపి, నీరు ఎల్లప్పుడూ అందుబాటులో ఉంచాలి.

తనలో ఏ ఖనిజం లోపించిందో గుర్రమే గుర్తించి మన్నులో వెతుక్కుంటుందన్న నమ్మకం సోడియం వరకు నిజం. ఇతర ఖనిజాల విషయంలో దానికి తగిన ఆధారం లేదు. గుర్రాలు తిన్న చోటి మన్నులో ఇనుము, రాగి అధికంగా ఉన్నట్లు ఆస్ట్రేలియా పరిశోధకులు 2001లో ప్రచురించారు. అయితే ఆ గుర్రాలు కేవలం 13. దీనిని ఆధారం చేసుకొని ఇనుము టానిక్కులు ఇవ్వడం సమర్థనీయం కాదు. సాధారణ మేతలోనే ఇనుము సరిపడా ఉంటుంది, అధికమైతే హాని చేస్తుంది. రక్తహీనత కనిపిస్తే మొదట పేడను నట్టల గుడ్ల కోసం పరీక్షించాలి.

మన ప్రాంతాలలో ప్రత్యేకంగా గమనించవలసినవి తవుడు, హైబ్రిడ్ నేపియర్ గడ్డి. వరి తవుడులో భాస్వరం కాల్షియం కంటే పది రెట్లకు పైగా ఉంటుంది. అందులో అధిక భాగం ఫైటేట్ రూపంలో ఉండి కాల్షియంను కూడా బంధిస్తుంది. నేపియర్‌లోని ఆక్సలేట్లు కూడా అదే పని చేస్తాయి. పశువుల మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు ఆక్సలేట్లను విచ్ఛిన్నం చేస్తాయి. గుర్రంలో కాల్షియం శోషణ చిన్నప్రేగులో జరుగుతుంది. సూక్ష్మజీవులు ఉండేది ఆ తరువాతి పెద్దప్రేగులో. అందుకే గేదెకు మేలు చేసే గడ్డి గుర్రానికి కీడు చేయగలదు. శరీరం ఎముకల నుంచి కాల్షియంను లాగుకోవడంతో కుంటు ఒక కాలి నుంచి మరొక కాలికి మారుతూ ఉంటుంది. క్రమేణా ముఖపు ఎముకలు ఉబ్బి ‘బిగ్ హెడ్’ స్థితి ఏర్పడుతుంది. మన్ను తినే గుర్రం మేపులో ఈ రెండూ ఉంటే భాస్వరం కలపాలన్న పాడిపశువుల సలహా వ్యాధిని మరింత పెంచుతుంది. ఇక్కడ లోపించినది కాల్షియం. తవుడు తగ్గించి, కాల్షియం అధికంగా ఉండే లూసర్న్ ఇవ్వడం, అవసరాన్ని బట్టి సున్నపురాయి పొడి కలపడం సరైన మార్గం.

కారణం తేలేలోగా నష్టం జరగకుండా చూడటం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత. ఇసుక నేలపై గడ్డి వేస్తే మన్ను తినే అలవాటు లేని గుర్రం కూడా ఇసుకను మింగుతుంది. అది పెద్దప్రేగులో పేరుకొని ప్రాణాంతకమైన శూలకు దారితీస్తుంది. గుప్పెడు తాజా పేడను పారదర్శకమైన పాత్రలో నీటితో కలిపి కాసేపు కదలకుండా ఉంచితే ఇసుక అడుగున తేరుతుంది. తేరకపోయినంత మాత్రాన ప్రేగులో ఇసుక లేదని నిర్ధారించరాదు. మేతను తొట్టిలో గాని రబ్బరు చాపపై గాని వేయాలి. కొయ్య కొరికే గుర్రాన్ని పాత సీసపు రంగు వేసిన తలుపుల వద్ద, రసాయనాలతో శుద్ధి చేసిన గుంజల వద్ద కట్టరాదు. గన్నేరు మొక్క ఆకు, బెరడు, కొమ్మ అన్నీ గుండెకు విషమే కనుక సాల పరిసరాలలో దానిని ఉండనీయరాదు.