ఒంటరి బ్రతుకు, నిండు బ్రతుకు

గ్రాంటురోడ్డు స్టేషనులో దిగి కామాటిపురా గల్లీలలోకి నడచివస్తే, మన తెలుగు చాళ్ళలో ముప్పైయేండ్లు దాటి పెండ్లి కానివారిని అందరూ అడిగే మాట ఒక్కటే: "ఇంకా కాలేదా?" గుడికి పోయే ఇండ్లలోను ఇదే, చర్చికి పోయే ఇండ్లలోను ఇదే.

మా చాళ్‌లో ఒక నర్సమ్మ ఉన్నది. క్రైస్తవురాలు. వయస్సు నలుబది దాటింది, పెండ్లి చేసుకోలేదు. పేరు వ్రాస్తే నాతో మాట్లాడడం మానేస్తుంది గనుక వ్రాయను. ఒకనాడు ఆమె, "అన్నా, నన్ను చూచి జాలిపడేవాళ్ళకంటె వాడుకొనేవాళ్ళే ఎక్కువ" అన్నది. ఆలోచిస్తే నిజమే. అన్న పిల్లల ఫీజులు, చెల్లెలి కానుపు, పండుగనాటి డ్యూటీ, చర్చిలో కుర్చీలు సర్దడం, అన్నీ ఆమెమీదనే. "ఆమెకేం, మొగుడా పిల్లలా?" అంటారు. ఇంటికి వస్తే, ఒక్కదానికేం వండుకొంటానని టీలో పావు ముంచుకొని తిని పడుకొనేది.

క్రైస్తవులకు ఈ స్థితి కొత్త కాదు. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయంలో, పెండ్లి ఒకరికి వరమైతే, లేకపోవడం మరొకరికి వరమన్నాడు. బేతనియలో మార్త, మరియ, లాజరు ఉండిన ఇంట్లో యేసు భోజనం చేసినాడు. వారి ముగ్గురిలో ఎవరి పెండ్లిమాటా సువార్తలలో లేదు. దాన్ని కొరత పడిన ఇల్లని ఎవరైనా అనగలరా?

మన బొంబాయిలోనే జార్జి బోవెన్ అనే అమెరికా మిషనరీ ఉండేవాడు. ప్రేమించిన అమ్మాయి చనిపోయింది, ఆయన పెండ్లాడలేదు. 1848లో ఇక్కడికి వచ్చి, మిషను జీతం వదలుకొని, పేదవారి మధ్య అతి కొద్దిపాటితో బ్రతికి, స్వదేశం మళ్ళీ చూడకుండానే 1888లో కన్నుమూసినాడు. గొప్పవాడే. కాని ఆ వైరాగ్యం నర్సమ్మకు చెప్పడానికి నాకు నోరు రాదు. ఆమెకు చెప్పవలసిన కథ గుంటూరులో ఉన్నది.

అన్నా సారా కుగ్లరు 1856లో పెన్సిల్వేనియాలో పుట్టి, 1879లో వైద్యపట్టా పొంది, 1883లో గుంటూరు చేరింది. డాక్టరునైతే పంపడానికి మిషను అప్పటికి సిద్ధంగా లేదు. ఘోషాస్త్రీలకు చదువు చెప్పే పనిమీద పంపినారు. వైద్యం తెలిసిన దొరసాని వచ్చిందంటే రోగులు ఊరుకొంటారా? చివరకు 1885లో మిషనే ఆమెను వైద్యురాలిగా ఒప్పుకొన్నది. 1893లో డిస్పెన్సరీ, 1898లో ఆసుపత్రి వచ్చినవి. ఏలూరు రాజావారు తమ కుటుంబానికి జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా ఆసుపత్రి ఎదుట రోగుల బంధువులకు సత్రం కట్టించినారు. 1930లో ఆమె గుంటూరులోనే పోయింది. ఆసుపత్రి ఆమె పేరుతోనే నిలిచింది.

"పెండ్లి లేదు గనుక అంత చేసింది" అంటారు. నాకది సగం నిజమనే తోస్తుంది. ఆరేండ్లు పనిచేసి 1889లో ఆమె సెలవుమీద ఇంటికి పోయింది. పని ఆగిపోతుందేమోనని ఇక్కడే కూలిపోలేదు. తర్వాత కేథరీన్ ఫాస్ అనే నర్సు, మేరీ బేర్ అనే వైద్యురాలు తోడు వచ్చినారు. భర్త లేడు గాని, పనిలో పాలుపంచుకొనే స్నేహితురాండ్రున్నారు.

ఈ సంగతి చెప్పినప్పుడు నర్సమ్మ మారుమాట ఆడలేదు. కొన్నాళ్ళకు అన్నకు కబురు పంపింది: ఒక పిల్లవాడి ఫీజు కడతాను, ముగ్గురివీ కాదు, మిగిలినది నా ముసలితనానికి పోస్టాఫీసులో వేసుకొంటాను అని. అన్న రెండు నెలలు ఉత్తరం ముక్క వ్రాయలేదు. ఆమె ఏడ్చింది, కాని మాట మార్చలేదు. పై అంతస్తులోని పెద్దమ్మతో కలిసి ఇప్పుడు రోజు మార్చి రోజు వంట చేస్తున్నది. శనివారం సాయంత్రం డ్యూటీ ఒప్పుకోదు, హార్మోనియం నేర్చుకొంటున్నది. (చాళ్‌వాళ్ళందరం ఆ నేర్చుకోవడాన్ని భరిస్తున్నాం.)

మొన్న క్రిస్మస్‌కు ఆమె ఖోలీలో పదకొండుమందిమి భోజనం చేసినాం. పళ్ళేలు చాలక మా ఇంటినుంచి ఆరు తెప్పించింది. ఇంకా రెండు రాలేదు.