పేరు పక్కన సున్నా

పోయిన చలికాలంలో ఒక ఆదివారం రాత్రి పదింటికి డాక్టరు మావయ్యగారు ఫోన్ చేశారు. "అమ్మాయ్, ఎవరో సున్నా మనిషి పాట 1,200 డాలర్లకి లేపాడు. ఇదివరకు ఏదీ కొన్నవాడు కాదు. తీసేయనా?" గొంతులో కంగారు తెలుస్తూనే ఉంది.

ఆయన వేలానికి పెట్టింది లైకా ఎం3 కెమెరా, దాంతోపాటు 50 ఎంఎం సుమిక్రాన్ లెన్సు. గుంటూరులో వైద్యం చదివి, 1965 వలస చట్టం తర్వాత అమెరికా వచ్చిన తొలి తరం డాక్టర్లలో ఆయన ఒకరు. రెసిడెన్సీ జీతంలో మిగుల్చుకుని కొన్న కెమెరా అది. పిల్లల చిన్నతనమంతా అందులోనే ఉంది. ఇప్పుడు పెద్ద ఇల్లు అమ్మేసి చిన్న ఇంటికి మారుతున్నారు. ఇక్కడి మన తెలుగు సంఘంలో ఇలాంటి ఇళ్లు ఏటా పెరుగుతున్నాయి. అల్మరాల్లో గడియారాలు, నాణేలు, కెమెరాలు, పాత నగలు ఉంటాయి. పిల్లలకు అక్కర్లేదు. దుకాణానికి తీసుకెళ్తే సగం ధర కూడా చెప్పరు. అందుకే పెద్దవాళ్లు కూడా ఈబే లాంటి చోట్ల వేలానికి పెడుతున్నారు. వాళ్లకు నాలాంటి కొందరం సాయం చేస్తుంటాం. అందరూ ముందు అడిగేది ఈ సున్నా గురించే.

మన ఊళ్లలో వేలంపాట ఎలా జరిగేదో గుర్తు తెచ్చుకోండి. గుడి మాన్యం కౌలుకైనా, చెరువు చేపలకైనా ధరావతు కట్టనివాణ్ణి పాట పాడనిచ్చేవారు కాదు. పాడేవాడు ఎవరి కొడుకో, పోయినేడు బాకీ పెట్టాడో లేదో రచ్చబండ మీద ఉన్న అందరికీ తెలుసు. పాట దక్కించుకుని డబ్బు కట్టకపోతే ధరావతుతోపాటు పరువూ పోయేది. ఇంటర్నెట్ వేలంలో ఈ రెండూ లేవు. మనిషి కనిపించడు, ముందస్తు సొమ్ము కట్టడు. ఆ లోటు పూడ్చడానికి పుట్టిందే పేరు పక్కన ఉండే ఆ అంకె.

పియెర్ ఒమిడ్యార్ 1995లో ఈబేను మొదలుపెట్టినప్పుడు దాని పేరు ఆక్షన్‌వెబ్. తొలి అమ్మకం 14 డాలర్ల 83 సెంట్లకు పోయిన ఒక పాడైపోయిన లేజర్ పాయింటర్. ముక్కూ మొహం తెలియనివాళ్ల మధ్య తగవులు రావడంతో, కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ ఒకరి గురించి ఒకరు నాలుగు మాటలు రాసుకునే పద్ధతిని 1996లో పెట్టారు. మంచి మాట వస్తే అంకె పెరుగుతుంది. 10కి చేరితే పసుపు నక్షత్రం వస్తుంది.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 2008 నుంచి ఈబేలో అమ్మేవాళ్లు కొన్నవాళ్ల మీద చెడ్డమాట రాయడానికి వీల్లేదు. రాస్తే మంచిమాటే రాయాలి, లేదంటే ఊరుకోవాలి. అంటే కొనేవాడి పేరు పక్కన 300 ఉందంటే అతను చాలాసార్లు కొన్నాడనో అమ్మాడనో తెలుస్తుందే తప్ప, ఎవరినీ ఏడిపించలేదని కాదు. సున్నా ఉంటే ఇంతవరకు కొనలేదని, లేదా ఎవరూ ఏమీ రాయలేదని మాత్రమే. ఆ అంకె అనుభవాన్ని చెబుతుంది, నిజాయితీని చెప్పదు. అందుకే సున్నాను చూడగానే పాట తీసేయడం నాకు సమ్మతం కాదు. ఆ మాటకొస్తే మావయ్యగారి ఖాతా కూడా అప్పటికి సున్నాయే.

పైగా విలువైన వస్తువులకు కొత్తవాళ్లు రావడం సహజం. రోజూ ఫోన్ కవర్లు కొనేవాడికి లైకాతో పనేముంది? నాన్న మెడలో వేలాడిన కెమెరా లాంటిది ఎక్కడైనా దొరుకుతుందా అని ఏళ్లుగా వెతికే మనిషి, అది కనబడిన రోజునే ఖాతా తెరుస్తాడు. అలాంటివాణ్ణి గుమ్మంలోంచే తరిమేస్తే నష్టం మనకే.

"తీసేయకండి మావయ్యగారూ, ముందు ఒక మాట రాసి చూడండి" అన్నాను. వేలం ముగియడానికి ఇంకా రెండు రోజులుంది. 'మీ ఆసక్తికి సంతోషం. ఈ వస్తువు గురించి ఏమైనా అడగాలా?' అని ఆ సైటులోనే సందేశం పంపాం. పొద్దున్నే జవాబొచ్చింది. షట్టర్ సెకను వేగంలో పూర్తిగా తెరుచుకుని మూసుకుంటోందా, లెన్సుకు టార్చి వేసి చూస్తే లోపల మసక గానీ బూజు గానీ కనిపిస్తోందా అని అడిగాడు. మావయ్యగారి మొహం వెలిగిపోయింది. వస్తువు మీద మనసున్నవాడు వస్తువు గురించే అడుగుతాడు.

మోసగాడి ప్రశ్నలు వేరు. ధర ఎంతైనా ఫర్వాలేదంటాడు, వస్తువులో లోపాల ఊసెత్తడు. మీ ఫోన్ నంబరు అడిగి, సైటు బయట మాట్లాడుకుందామంటాడు. మీరు నిజమైన మనిషో కాదో తేల్చుకోవాలంటూ, మీ ఫోన్‌కు వచ్చిన ఆరంకెల కోడ్ చెప్పమంటాడు. ఆ కోడ్‌తో మీ నంబరు మీదే మరో ఖాతా తెరుచుకుంటాడు. చెక్కు పంపిస్తానని, అమ్మిన ధరకన్నా ఎక్కువ రాసి, మిగిలింది తిరిగి పంపమంటాడు. ఇక్కడి బ్యాంకులు చట్టం ప్రకారం ఆ సొమ్మును ఒకటి రెండు రోజుల్లోనే మీ ఖాతాలో చూపిస్తాయి. చెక్కు దొంగదని బయటపడేది వారాల తర్వాత. అప్పుడు మొత్తం మీరే కట్టుకోవాలి. క్యాషియర్స్ చెక్కు అయినా ఇంతే.

నేను దెబ్బతిన్నది ఇంకో దారిలో. కొన్నేళ్ల కిందట ఒక సైటులో జత గాజులు అమ్మాను. కొన్నది కొత్త ఖాతా. కార్డుతో వెంటనే డబ్బు కట్టింది. మర్నాడు 'ఇల్లు మారాం, ఈ చిరునామాకు పంపండి' అని బతిమాలుతూ సందేశం పెట్టింది. పోనీలే అని పంపేశాను. నెలన్నర తర్వాత ఆ కార్డు అసలు యజమాని బ్యాంకుకు ఫిర్యాదు చేశాడు. డబ్బు వెనక్కి పోయింది. ఆర్డరులో ఉన్న చిరునామాకు పంపలేదు కాబట్టి నా తరఫున చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. అవి మా అమ్మమ్మ చేతి గాజులు. అప్పట్నుంచి ఎంత బతిమాలినా ఆర్డరులో ఉన్న చిరునామాకే పంపుతాను. మారాలంటే అమ్మకం రద్దు చేసి, సరైన చిరునామాతో మళ్లీ కొనమంటాను.

ఎదుటివాడు ఎవరో మనం పూర్తిగా ఎప్పటికీ తేల్చుకోలేం. మన చేతిలో ఉన్నవి మాత్రం గట్టిగా చేసుకోవచ్చు. వస్తువు వివరాల్లోనే 'అంకె 10కి లోపు ఉన్నవారు పాట పాడే ముందు ఒక మాట రాయండి' అని పెట్టండి. జవాబివ్వని పాటను వేలం ముగిసేలోపు రద్దు చేసి, ఆ ఖాతాను అడ్డుకునే జాబితాలో చేర్చే హక్కు అమ్మేవాళ్లకు ఉంది. కెమెరా బాడీ మీద ఒక సీరియల్ నంబరు, లెన్సు మీద మరొకటి ఉంటాయి. రెండూ స్పష్టంగా ఫొటో తీయండి. కొన్నవాడు తన పాడైన లెన్సును పెట్టి తిప్పి పంపితే మీకు సాక్ష్యం అదే. నగలైతే త్రాసు మీద పెట్టి, అంకె కనిపించేలా ఫొటో తీయండి. తులాల్లో రాస్తే ఇక్కడివాళ్లకు అర్థం కాదు, గ్రాముల్లో రాయండి. 22 క్యారెట్ల హాల్‌మార్కు ముద్ర 916 ఉంటే అది కనిపించాలి. ప్యాక్ చేస్తున్నంతసేపూ ఆపకుండా వీడియో తీయండి.

పంపడం గురించి చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ హోప్ వజ్రం గుర్తొస్తుంది. కృష్ణ ఒడ్డున మన కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే ఆ నీలి వజ్రాన్ని 1958 నవంబరులో నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్ న్యూయార్క్ నుంచి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్‌కు మామూలు పోస్టాఫీసు రిజిస్టర్డ్ మెయిల్‌లోనే పంపాడు. ఖర్చు 145 డాలర్ల 29 సెంట్లు, అందులో చాలా భాగం బీమాకే. ఆ ప్యాకెట్ కాగితం ఇప్పటికీ అక్కడి పోస్టల్ మ్యూజియంలో ఉంది. ఈ రోజు మనం పంపినా పద్ధతి దాదాపు అదే. చేతులు మారిన ప్రతిచోటా సంతకం పడుతుంది, 50,000 డాలర్ల దాకా బీమా చేయించుకోవచ్చు. మెరిసే ప్లాస్టిక్ టేపు పనికిరాదు, కాగితం టేపు వేయాలి, అతుకుల మీద పోస్టాఫీసు ముద్ర పడాలి. కాస్త ఆలస్యంగా చేరుతుంది, అంతే. వేరే దారిలో పంపినా ఒకటి మరవకండి. 750 డాలర్లు, ఆపైన ఉన్న ఆర్డరుకు, అందుకున్నవాళ్ల సంతకం తీసుకునే సేవ కొనకపోతే, పార్సెల్ అందలేదని ఫిర్యాదు వచ్చినప్పుడు ఈబే మీ పక్షాన నిలబడదు.

పాట దక్కించుకుని డబ్బు కట్టనివాళ్లూ ఉంటారు. నాలుగు రోజులు చూసి రద్దు చేయవచ్చు, రెండో స్థానంలో ఉన్నవారికి ఇవ్వజూపవచ్చు. అప్పుడు ఏ ధర అడగాలి? ఆ రెండో మనిషి పాటను పైకి తోసింది డబ్బు కట్టని ఈ సున్నాయే. అది లేకపోతే ఎంతకు దక్కేదో ఆ ధరకే ఇవ్వడం న్యాయమని నా అభిప్రాయం. అమ్మేవాడే దొంగ ఖాతాతో ధర పెంచాడేమోనన్న అనుమానం కూడా దాంతో పోతుంది.

మావయ్యగారి లైకా 1,410 డాలర్లకు ఆ కొత్త మనిషికే దక్కింది. గంటలో డబ్బు కట్టాడు. కొత్త ఖాతా అని మావయ్యగారి సొమ్మునే సైటువాళ్లు కొన్నాళ్లు ఆపి ఉంచారు. ఆ తర్వాత వచ్చింది.

సంఘంలోని పెద్దలకు ఒక మనవి. వేలానికి ఏదైనా పెట్టేముందు ఇంట్లో పిల్లల్నో, మాలాంటి వాళ్లనో పక్కన కూర్చోబెట్టుకోండి. ఒకవేళ మోసపోతే, నలుగురిలో చులకనవుతామని దాచుకోకండి. ఆ రోజే మీ బ్యాంకుకు చెప్పండి. 60 ఏళ్లు దాటినవారి కోసం అమెరికా న్యాయశాఖ నడిపే సహాయ కేంద్రం ఉంది, దాని నంబరు 833-372-8311. ఇంగ్లిషులో చెప్పడం ఇబ్బందనుకుంటే మాలో ఒకరికి ఫోన్ చేయండి. పక్కన కూర్చుని మేం మాట్లాడతాం.