వర్ష ఋతువు, ఆరవ పక్షం, పదవ దినం: ఒక శాసన తిథి పరిశీలన

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా దక్షిణ భాగంలో, తెలంగాణ సరిహద్దుకు సమీపాన ఉన్న కిష్టారం రెండు కాలగణన పద్ధతులు కలిసే ప్రాంతానికి చెందినది. ఛత్తీస్‌గఢ్ పంచాంగాలలో మాసం పూర్ణిమతో ముగుస్తుంది. తెలుగు పంచాంగాలలో అమావాస్యతో ముగుస్తుంది. 2024 ఆగస్టు 4న జగ్దల్‌పూర్‌లో పాట జాత్రతో బస్తర్ దసరా ఆరంభమైంది. ఆ దినం అక్కడి గణనలో శ్రావణ అమావాస్య, తెలుగు గణనలో ఆషాఢ అమావాస్య. కృష్ణపక్షంలో ఈ విధంగా మాసనామం మారుతుంది; శుక్లపక్షంలో మారదు. అందువల్ల దంతేశ్వరీ దేవి పేర బస్తర్‌లో జరిగే విజయదశమి ఇరుగణనలలోనూ ఆశ్వయుజ శుక్ల దశమియే అవుతుంది.

ఒకే దినాన సంభవించిన ఘటనలను ఒక పట్టికలో చేర్చేటప్పుడు ఈ భేదాన్ని గమనించడం అవసరం. నాగార్జునకొండ శాసనాలు ఇందుకు చక్కని నిదర్శనం.

అక్కడి మహాచైత్యానికి నాలుగు దిక్కులా ఆయక వేదికలు, ఒక్కొక్క వేదికపై ఐదేసి స్తంభాలు ఉండేవి. వాటిపై గల ప్రాకృత శాసనాలను జె.పి.హెచ్. వోగెల్ 'ఎపిగ్రాఫియా ఇండికా'లో ప్రకటించారు. దాతలలో ప్రధానురాలు చాంతిసిరి. ఇక్ష్వాకు రాజు వాసిఠీపుత సిరి చాంతమూలుని సోదరి. ఆమెతోపాటు అడవి చాతిసిరి, మహాదేవి బపిసిరిణిక, ఉజ్జయిని మహారాజు కుమార్తె రుద్రధర భట్టారిక మొదలైన రాజకుటుంబ స్త్రీలు స్తంభాలను దానం చేశారు. మహాచైత్య నవకర్మను భదంత ఆనందుడు పూర్తిచేసినట్లు కూడా ఈ శాసనాలు తెలుపుతున్నాయి. వీటిలో పలు శాసనాలు ఒకే కాలాన్ని పేర్కొంటాయి: వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరం, వర్ష ఋతువు 6వ పక్షం, 10వ దినం. ఒకే దినాన ఒకే నిర్మాణానికి ఇందరు స్త్రీలు చేసిన దానాలు ఇలా నమోదు కావడం తెలుగునేల బౌద్ధ చరిత్రలో విశిష్టమైన విషయం.

ఈ శాసనాలలో మాసనామం లేదు. నాటి లేఖకులు సంవత్సరాన్ని గ్రీష్మ, వర్ష, హేమంతాలనే మూడు ఋతువులుగా, ఒక్కొక్క ఋతువును ఎనిమిది పక్షాలుగా విభజించారు. ఆషాఢ పూర్ణిమ మరునాటి నుండి వర్ష ఋతువును లెక్కిస్తే, మొదటిది కృష్ణపక్షం, రెండవది శ్రావణ శుక్లపక్షం, నాల్గవది భాద్రపద శుక్లపక్షం, ఆరవది ఆశ్వయుజ శుక్లపక్షం అవుతాయి. ఆ పక్షంలో పదవ దినం దశమి. అనగా పూర్ణిమాంత గణన ప్రకారం స్తంభ శాసనాల దినం నేటి విజయదశమి తిథితో సమానమవుతుంది. అమాంత గణనను అనుసరిస్తే అదే అంకె ఆశ్వయుజ బహుళ దశమిని సూచిస్తుంది. పదిహేను దినాల అంతరం వస్తుంది. ఆ సంవత్సరంలో అధికమాసం ఉన్నచో ఫలితం మరల మారుతుంది. కనుక ఈ సమీకరణను గణనపద్ధతి పేరుతో సహా చెప్పడమే శాస్త్రీయం.

పూర్ణిమాంత గణనకు వినయ సంప్రదాయం నుండి ఒక ఆసరా ఉంది. పూర్వ వర్షావాసం ఆషాఢ పూర్ణిమ మరునాడు ఆరంభమై, మూడు మాసాలు, అనగా ఆరు పక్షాలు సాగి ఆశ్వయుజ పూర్ణిమతో ముగుస్తుంది. ఆ పూర్ణిమనాడే పవారణ. ఈ లెక్కన చాంతిసిరి స్తంభాల దినం పవారణకు ఐదు దినాల ముందు వస్తుంది. వర్షావాసం ముగియనున్న వేళ, భిక్షుసంఘం ఇంకా ఒకేచోట ఉన్న తరుణాన ఈ దానాలు జరిగాయన్నమాట. శాసనాలు పవారణను ప్రస్తావించవు. కానీ దానాలను సంఘజీవన క్రమంలో నిలిపి చూడడానికి ఈ సామీప్యం తోడ్పడుతుంది.

అదే తిథి ఆధునిక బౌద్ధ చరిత్రలోనూ నిలిచింది. 1956 అక్టోబరు 14న, విజయదశమి నాడు, నాగపూర్‌లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ భిక్షు చంద్రమణి మహాస్థవిరుని సమక్షంలో త్రిశరణ పంచశీలాలను స్వీకరించి, అనంతరం లక్షలాది అనుయాయులకు దీక్ష ఇచ్చారు. ఇంగ్లీషు తేదీ స్థిరం, తిథి చలనశీలం. అందుచేత ధమ్మచక్ర ప్రవర్తన దినాన్ని కొందరు అక్టోబరు 14న, మరికొందరు విజయదశమి నాడు పాటిస్తున్నారు. దీక్ష జరిగిన నాటికి నాగార్జునకొండ లోయలో జలాశయ నిర్మాణం దృష్ట్యా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు సాగుతున్నాయి. అయినా నాగపూర్ దినానికి, స్తంభ శాసనాల దినానికి కార్యకారణ సంబంధం లేదు.

అంబేడ్కర్ దినం ఎంపికకు నేపథ్యం అశోక విజయదశమి సంప్రదాయం. కళింగ యుద్ధానంతర పశ్చాత్తాపాన్ని, ధర్మవిజయపు శ్రేష్ఠతను వివరించే పదమూడవ శిలాశాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ ఉంది. అది అభిషేకానంతరం ఎనిమిదవ సంవత్సరాన్ని పేర్కొంటుంది, తిథిని పేర్కొనదు.

కనుక ఒకే తిథిపై చేరిన విషయాలు ఒకే స్థాయికి చెందినవి కావు. చాంతిసిరి దానం సమకాలిక శాసన సాక్ష్యం గలది. దాని తిథి మాత్రం గణన ద్వారా లభించేది. నాగపూర్ దీక్ష తేదీతో సహా నమోదైన ఘటన. దాని దినం ఉద్దేశపూర్వక ఎంపిక. అశోకుని తిథి సంప్రదాయ స్మృతి. బస్తర్ దసరా నేటికీ సజీవమైన స్థానిక ఆచారం. తిథి ఒక్కటైనంత మాత్రాన ఒకదాని నుండి మరొకటి పుట్టిందని చెప్పరాదు. ప్రాచీన స్థలాలపై, పండుగలపై హక్కుల వాదాలు చెలరేగే కాలంలో ఇటువంటి అనుమానం సులభంగా చరిత్రగా చెలామణి అవుతుంది.

దినవిశేషాల పట్టికలో ఈ దానాన్ని చేర్చదలచినవారు 'విజయదశమి' అని మాత్రమే వ్రాయక, ముందుగా శాసన పాఠాన్ని అనుసరించి 'వర్ష ఋతువు 6వ పక్షం, 10వ దినం' అని వ్రాసి, పిమ్మట 'పూర్ణిమాంత గణనలో ఆశ్వయుజ శుక్ల దశమి' అని చేర్చడం ఉచితం. అప్పుడు కిష్టారంలో చదివినా, భద్రాచలంలో చదివినా ఆ దినం ఒక్కటిగానే అర్థమవుతుంది. దానం చేసిన స్త్రీల పేర్లు మరొక పండుగ పేరు వెనుక మరుగున పడవు.