వెళ్లిన రక్తం తిరిగివచ్చే దారి

గుండె రక్తాన్ని దేహమంతటా పంపుతుందన్నది అందరికీ తెలిసిన సంగతే గాని, అలా వెళ్లిన రక్తమే మళ్లీ గుండెకు చేరుకుంటుందన్న విషయం పదిహేడో శతాబ్ది వరకు ఐరోపా వైద్యులకు స్పష్టంగా తెలియదు. రెండో శతాబ్దికి చెందిన గ్రీకు వైద్యుడు గాలెన్ బోధించిన ప్రకారం, తిన్న ఆహారం నుంచి కాలేయంలో రక్తం తయారై, సిరల గుండా అవయవాలకు చేరి అక్కడే ఖర్చయిపోతుంది. ఈ భావన వందల ఏళ్లు తిరుగులేకుండా చలామణి అయింది. లండన్ వైద్యుడు విలియం హార్వే దాన్ని ఒక చిన్న లెక్కతో కూలదోశాడు. ఒక్కో స్పందనలో గుండె బయటికి నెట్టే రక్తాన్ని ఎంత తక్కువగా అంచనా వేసుకున్నా, అరగంటలో అది నెట్టే మొత్తం శరీరంలో ఉన్న రక్తాన్నంతటినీ మించిపోతుందని, తిన్న తిండి నుంచి అంత రక్తం అంత త్వరగా పుట్టడం అసాధ్యమని, కాబట్టి వెళ్లిన రక్తమే తిరిగి వస్తూ ఉండాలని ఆయన తర్కించి, 1628లో లాటిన్ గ్రంథంగా వెలువరించాడు. నేటి కొలతలు ఆ వాదాన్ని మరింత బలపరుస్తున్నాయి. విశ్రాంతిగా ఉన్న పెద్దవారి గుండె స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్ల చొప్పున, నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటూ, దాదాపు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. దేహంలోని రక్తమంతా కలిపినా ఇంచుమించు అంతే.

గుప్పెడంత ఉండే గుండె నిజానికి ఒకదానికొకటి అతుక్కున్న రెండు గుండెలనవచ్చు. మధ్యలో నిలువు గోడ, దానికి ఒక్కో వైపు పైన రక్తాన్ని అందుకునే పలుచని గది, కింద దాన్ని నెట్టే దళసరి గది ఉంటాయి; పై గదులు కర్ణికలు, కింది గదులు జఠరికలు. ఒళ్లంతా తిరిగి ఆక్సిజన్ ఇచ్చేసిన రక్తం కుడి కర్ణికలో దిగి, కుడి జఠరిక నుంచి ఊపిరితిత్తులకు పోయి, అక్కడ ఆక్సిజన్ నింపుకొని ఎడమ కర్ణికకు వస్తుంది. ఎడమ జఠరిక దాన్ని బృహద్ధమని అనే అతి పెద్ద నాళంలోకి నెడుతుంది. ఊపిరితిత్తుల గుండా సాగే ఈ చిన్న ప్రయాణాన్ని హార్వేకు సుమారు నాలుగు వందల ఏళ్ల ముందే కైరోలో వైద్యం చేసిన ఇబ్న్ అల్ నఫీస్ వర్ణించాడు. ఆయనకు దక్కవలసిన కీర్తి ఇప్పటికీ పూర్తిగా దక్కలేదు. గదుల మధ్యా, నాళాల ముఖద్వారాల దగ్గరా ఉండే నాలుగు కవాటాలు రక్తాన్ని ఒకే దిక్కుకు పోనిచ్చే పలుచని రెక్కలు. వైద్యుడి స్టెతస్కోపులో వినిపించే రెండు శబ్దాలు ఇవి మూసుకున్నప్పుడు పుట్టేవే.

ఎడమ జఠరిక ముడుచుకున్నప్పుడు పుట్టే ఒత్తిడి పాదరసం కొలతలో దాదాపు 120 మిల్లీమీటర్లు ఉంటుంది. ధమనులు చీలుతూ చీలుతూ చివరికి రక్త కేశనాళికలవుతాయి. వీటి గోడ మందం ఒకే ఒక్క కణం, లోపలి దారి ఎంత ఇరుకంటే ఎర్రరక్తకణాలు అందులో వరుసగా ఒకటొకటిగా, కొన్నిచోట్ల వంగి ముడుచుకుని పోవలసి వస్తుంది. ఒక్కొక్కటి ఇంత సన్ననిదైనా సంఖ్యలో అవి కోట్లాదిగా ఉండడంతో వాటన్నింటి అడ్డుకోత వైశాల్యం కలిపితే బృహద్ధమని కంటే వందల రెట్లవుతుంది. అందుకే పాపికొండల ఇరుకులో వడిగా వచ్చిన గోదావరి రాజమహేంద్రవరం దగ్గర విప్పారి నెమ్మదించినట్లు, ఇక్కడ రక్తం వేగం సెకనుకు ఒక మిల్లీమీటరు లోపుకు పడిపోతుంది. ఆ నెమ్మదితనంలోనే కణాలకు ఆక్సిజన్, పోషకాలు అంది, వ్యర్థాలు రక్తంలోకి చేరతాయి. ధమనికీ సిరకూ మధ్య ఇటువంటి వంతెన ఉండి తీరాలని హార్వే ఊహించాడు గాని కంటితో చూడలేకపోయాడు. ఆయన మరణించిన నాలుగేళ్లకు, 1661లో, ఇటలీకి చెందిన మాల్పిఘీ కప్ప ఊపిరితిత్తిలో సూక్ష్మదర్శినితో దాన్ని కనుగొన్నాడు.

కేశనాళికలు దాటేసరికి గుండె ఇచ్చిన తోపు చాలావరకు అయిపోయి, ఒత్తిడి సుమారు 15 మిల్లీమీటర్లకు దిగుతుంది. పాదాల దగ్గరి రక్తం అంత స్వల్పబలంతో నిలువెత్తు పైకి ఎక్కి గుండెను చేరాలి. ఆ పని ఎలా జరుగుతుందో ముంజేతి మీదే చూడవచ్చు. రక్తపరీక్ష చేసేవారు మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించగానే సిరలు ఉబ్బి, వాటి మీద అక్కడక్కడ చిన్న ముడులు తేలతాయి. అవే సిరల కవాటాలు. ఉబ్బిన సిరను మణికట్టు వైపు ఒక వేలితో నొక్కిపట్టి, మరో వేలితో అందులోని రక్తాన్ని మోచేతి దిశగా ఒక ముడి దాటేదాకా తుడిచి ఆ రెండో వేలు తీసేస్తే, వేలికీ ముడికీ మధ్య సిర చదునుగా, ఖాళీగా ఉండిపోతుంది. పైనున్న రక్తం కిందికి దిగదు. నొక్కిన మొదటి వేలు ఎత్తగానే కింది నుంచి రక్తం వచ్చి నింపుతుంది. పాదువాలో హార్వేకు గురువైన ఫాబ్రీషియస్ ఈ కవాటాలను ముందే వర్ణించినా వాటి పని గ్రహించలేకపోయాడు. శిష్యుడు ఈ పరీక్షను తన వాదానికి సాక్ష్యంగా చూపాడు.

కవాటాలు రక్తాన్ని వెనక్కి పోనివ్వవు గాని ముందుకు నెట్టలేవు. ఆ నెట్టడం కండరాల వంతు. నడిచేటప్పుడు పిక్క కండరాలు బిగిసినప్పుడల్లా వాటి మధ్యనున్న సిరలు నొక్కుకుని రక్తం పైకి ఎగసిపోతుంది. శ్వాస తీసినప్పుడు ఛాతీలో ఒత్తిడి తగ్గి, పొట్టలో పెరగడం కూడా రక్తాన్ని గుండె వైపు లాగుతుంది. కదలకుండా నిలబడినవారి చీలమండ సిరల్లో ఒత్తిడి 90 మిల్లీమీటర్ల దాకా ఉంటే, నడక మొదలైన కాసేపటికి అది 30 లోపుకు వస్తుంది. ఎండలో ప్రార్థన కోసం బిగదీసుకు నిలబడిన బడిపిల్లలు కళ్లు తిరిగి పడిపోవడానికి ఒక ముఖ్య కారణం రక్తం కాళ్లలో నిలిచిపోయి మెదడుకు చాలకపోవడమే. పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తితే తేరుకునేవారిని, చుట్టూ ఉన్నవారు కంగారులో లేపి కూర్చోబెట్టడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. అమెరికా ప్రయాణంలో గంటల కొద్దీ కాళ్లు ముడుచుకు కూర్చున్న పెద్దవారిలో, అరుదుగానైనా, పిక్క సిరలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదకు వస్తుంది. అప్పుడప్పుడు లేచి నడవడం, కూర్చున్నచోటే పాదాలను పైకీ కిందికీ ఆడించడం ఆ ముప్పును తగ్గిస్తాయి.

సిరలు కాక మరో తిరుగుదారి ఉంది. కేశనాళికల నుంచి కణాల మధ్యకు ఊరిన ద్రవంలో కొంత, రోజుకు రెండు నుంచి నాలుగు లీటర్ల వరకు, శోషరస నాళాలు అనే వేరే మార్గంలో ప్రయాణించి మెడ మొదట్లో సిరల్లో కలుస్తుంది. కోస్తా జిల్లాలను తరతరాలుగా పీడించిన బోదకాలు ఈ మార్గానికి వచ్చే జబ్బే: దోమకాటుతో చేరిన ఫైలేరియా పురుగులు ఆ నాళాల్లో కాపురం పెట్టి వాటిని పాడుచేస్తే, తిరిగి వెళ్లలేని ద్రవం కాలిలోనే పేరుకుపోతుంది.

ఇంత జాగ్రత్తగా తిరిగివచ్చే రక్తమే గుండె పనిని నిర్ణయిస్తుంది. రక్తం ఎక్కువగా వచ్చి జఠరిక గోడ ఎంత సాగితే, ఆ మేరకు అది మరింత బలంగా ముడుచుకుంటుందని జర్మనీకి చెందిన ఒట్టో ఫ్రాంక్, ఇంగ్లండుకు చెందిన ఎర్నెస్ట్ స్టార్లింగ్ నిరూపించారు. ఈ గుణమే లేకపోతే మనిషి బతకడం కష్టం. కుడి జఠరిక ఎడమదాని కంటే స్పందనకు ఒక్క మిల్లీలీటరు ఎక్కువ పంపినా, గంట తిరిగేసరికి నాలుగు లీటర్లకు పైగా రక్తం ఊపిరితిత్తుల్లో పేరుకుపోవాలి. అలా జరగకుండా, అదనంగా వచ్చిన రక్తం ఎడమ జఠరికను సాగదీసి దానిచేతే బయటికి పంపించుకుంటుంది. గుండెపోటు తర్వాత ఎడమ జఠరిక నీరసిస్తే ఈ సర్దుబాటు చాలక ఊపిరితిత్తుల్లో నీరు చేరి, రోగి వెల్లకిలా పడుకోలేక రెండు మూడు దిండ్లు పెట్టుకుంటాడు. కుడి వైపు నీరసిస్తే వాపు పాదాల్లో కనిపిస్తుంది. అటువంటి రోగికి వైద్యులు ఉప్పు తగ్గించమని చెప్పి, మూత్రం ఎక్కువగా పోయే మందులు ఇచ్చేది, అలసిన గుండెకు తిరిగివచ్చే ద్రవభారాన్ని అది మోయగలిగినంతకు కుదించడానికే.