మీకు తెలుసా? స్నానం ఎన్ని గంటలో ఆ గదిలో అడగలేదు

"స్నానం చేస్తావా?"

"చేస్తాను మేడం."

"నీ అంతట నువ్వేనా, ఎవరైనా చేయించాలా?"

"నేనే."

పెన్ను కాగితం మీద కదిలింది. తర్వాతి ప్రశ్న.

కిందటేడు మా పిన్ని కొడుక్కి తోడుగా, వైకల్య సర్టిఫికెట్ కోసం పరీక్షలు చేసే సదరం క్యాంపుకు వెళ్లాను. ఆ పొద్దున వాడి స్నానానికి పట్టిన సమయం రెండు గంటల ముప్పావు. నేను వీధిలో ఆటో ఆపించుకుని కూర్చున్నాను. లోపల ఒక సబ్బు అరిగిపోయి రెండోది విప్పాడు. ట్యాంకు ఖాళీ అయి కింది వాటా ఆయన కేకేశాడు. ఇవేవీ ఆ గదిలోకి రాలేదు. వాళ్లు అడిగింది చేస్తావా అని. చేస్తాడు. వాడి జబ్బే అది. ఆపలేకపోవడం గురించి ఎవరూ అడగలేదు.

*

మానసిక జబ్బు వల్ల వచ్చే వైకల్యాన్ని మన దేశంలో కొలిచే స్కేలు పేరు ఐడియాస్. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ తయారుచేసింది. 2002లో కేంద్రం దీన్ని అధికారికంగా తీసుకున్నప్పుడు నాలుగు జబ్బుల పేర్లు రాసింది: స్కిజోఫ్రీనియా, బైపోలార్, డిమెన్షియా, నాలుగోది మా వాడికున్న ఓసీడీ. అంటే ఇరవై ఏళ్లు దాటింది ఆ పేరు సర్కారీ కాగితమెక్కి. అయినా స్లాట్ బుక్ చేయించడానికి వెళితే "దీనికి కూడా సర్టిఫికెట్ ఇస్తారా అండీ?" అని ఎదురు మమ్మల్నే అడిగారు.

ఇస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఒకటి. 1995 నాటి పాత చట్టంలో ఉన్నవి ఏడే. అందులోనూ ఇది ఉంది.

*

తెలుగువాళ్లలో చాలామందికి ఓసీడీ అన్న మాట పరిచయమైంది 2017లో, మారుతి తీసిన 'మహానుభావుడు' సినిమాతో. శర్వానంద్ శుభ్రం చూసి హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. దాని ఫలితం ఏమిటంటే, అల్మారాలో చొక్కాలు వరసగా సర్దుకునే ప్రతివాడూ "నాకు కొంచెం ఓసీడీ ఉందిలే" అనేస్తున్నాడు. సర్దుకున్నాక వాడికి హాయిగా ఉంటుంది. ఓసీడీ ఉన్నవాడికి ఆ హాయి లేదు. చేతులు కడిగి చర్మం పగిలి నెత్తురు కనిపిస్తున్నా, ఇక చాలని లోపలినుంచి మాట రాదు. పైగా శుభ్రం ఒక్కటే కాదు. గొళ్లెం వేశానా, గ్యాస్ కట్టేశానా, బండి మీద వస్తూ ఎవరినైనా గుద్దేశానా అని వెనక్కి వెళ్లి చూసుకోవడం, దేవుడి ముందు నిలబడితే వినకూడని బూతు మనసులో మెదలడం, అన్నీ ఓసీడీలే. చివరిదాన్ని ఏ కొడుకూ తల్లికి చెప్పుకోడు.

*

ఆసుపత్రి ఓపీలో ఓసీడీ తీవ్రతను కొలవడానికి వాడేది వేరే స్కేలు. పేరు వై-బాక్స్. యేల్ విశ్వవిద్యాలయంలో వేన్ గుడ్‌మన్ బృందం 1989లో ప్రచురించింది. పది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 40. అందులో నేరుగా గడియారాన్నే అడుగుతారు: ఆ ఆలోచనలు రోజుకు ఎంతసేపు? ఆ పనులు ఎంతసేపు? గంటలోపైతే 1, మూడు గంటల వరకు 2, ఎనిమిది గంటల వరకు 3, అది దాటితే 4.

ఐడియాస్‌లో అడిగేవి వేరు. తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడటం-అర్థం చేసుకోవడం, ఉద్యోగమో ఇంటిపనో చేయడం. మంచం దిగకుండా, నాలుగు రోజులు స్నానం లేకుండా ఉండే మనిషిని అది వెంటనే పట్టుకుంటుంది. నాలుగు గంటలు స్నానం చేసేవాడు దాని ముందు శుభ్రమైన బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, అడిగినదానికి మర్యాదగా జవాబు చెబుతూ నిలబడతాడు. స్కేలు చెడ్డదని అనను. దాన్ని చేసినవాళ్ల కళ్ల ముందు వేరే రోగి ఉన్నాడని మాత్రం అనిపిస్తుంది.

*

ఈ చిక్కుముడిని బ్రిటన్ ఒక్క వాక్యంతో విప్పింది. అక్కడ 2013లో మొదలైన పిప్ అనే వైకల్య భత్యంలో స్నానం, వంట, బట్టలు కట్టుకోవడం లాంటి పనులకు పాయింట్లుంటాయి. ఆ పని చేయగలడని రాయాలంటే ప్రమాదం లేకుండా, సరిగ్గా, మళ్లీ మళ్లీ, సబబైన సమయంలో చేయగలగాలి. సబబైన సమయమంటే ఏమిటో కూడా రాసిపెట్టారు: ఆ జబ్బు లేని మనిషికి మామూలుగా పట్టే గరిష్ఠ సమయానికి రెండింతలు దాటకూడదు. దాటితే చేయలేనట్టే లెక్క. అరగంట స్నానానికి గంట వరకు సరే. మా వాడి రెండు గంటల ముప్పావు అక్కడైతే ఒక జవాబు అయ్యేది.

పిప్ తీరు మీద అక్కడివాళ్లకూ బోలెడు గొడవలున్నాయి, అది వేరే సంగతి. ఆ రెండింతల వాక్యం మాత్రం మన దగ్గర లేదే అని నాకు కుళ్లు.

*

అయితే ఐడియాస్ లెక్కలో ఒక మెలిక ఉంది, అది తెలిసినవాళ్లు తక్కువ. నాలుగు విభాగాలకు ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు, మొత్తం 16. జబ్బు ఎంతకాలంగా ఉందన్నదానికి విడిగా 1 నుంచి 4 వరకు కలుపుతారు. మొత్తం 20. ఏడు వస్తే 40 శాతం. చట్టం చెప్పే హద్దు అక్కడే ఉంది. ఏళ్ల తరబడి జబ్బుతో ఉన్నవాడికి కాలం ఖాతాలోనే నాలుగు వచ్చే వీలుంది. ఇక కావలసింది మూడు.

కానీ ఆ ఏళ్లకు సాక్ష్యం కాగితాలే. ఓసీడీని సిగ్గుతో దాచుకునేవాళ్లే ఎక్కువ. పదిహేనేళ్లకు మొదలైనది పాతికేళ్లకు డాక్టరు దగ్గరికి వస్తుంది. మధ్య పదేళ్లకు ఒక్క ఓపీ చీటీ ఉండదు. తాయెత్తులకు రసీదులు ఇవ్వరు కదా. ఎప్పుడో ఒకసారి చర్మం డాక్టరుకు చేతులు చూపించుకున్న చీటీ ఉన్నా అట్టిపెట్టుకోండి. ఏళ్ల తరబడి కడగడం జరిగిందని చెప్పడానికి అదీ పనికొస్తుంది.

*

ఈ అంచనాలో రోగితోపాటు దగ్గరి మనిషినీ అడుగుతారు. ఇక్కడే మన ఇళ్లలో కథ అడ్డం తిరుగుతుంది. మా పిన్నిని అడిగారు, ఇంట్లో ఎలా ఉంటాడమ్మా అని. "మా వాడు బంగారం మేడం, అన్నీ వాడే చేసుకుంటాడు" అంది. రేపు పెళ్లి సంబంధం చూడాలి, నలుగురిలో పరువు, అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

అదే పిన్ని ముందురోజు రాత్రి ఏం చేసిందో నేను విన్నాను. వాళ్లింట్లోనే పడుకున్నాను.

"అమ్మా, గ్యాస్ కట్టావా?"

"కట్టాను నాన్నా."

"చూసి చెప్పు."

లేచింది, వంటింట్లో లైటు వెలిగింది, ఆరింది. "చూశాను నాన్నా, కట్టే ఉంది." పది నిమిషాలకు మళ్లీ. నేను లెక్కపెట్టినంతవరకు తొమ్మిదిసార్లు. ఇలా ఇంటివాళ్లు జబ్బుకు తోడు నడవడానికి వైద్యుల దగ్గర ఒక పేరుంది: కుటుంబం సర్దుకుపోవడం. ప్రేమతోనే చేస్తారు, జబ్బుకు మాత్రం అది మేత. వాడికి తొమ్మిదోసారి నిబ్బరం కలిగేసరికి రెండున్నర. పిన్నికి నిద్ర పోయింది, నాకూ పోయింది. వాడు దుప్పటి నాలుగు మూలలూ సరిచేసుకుంటూ ఇంకా మెలకువగానే ఉన్నాడు.

*

నిద్రకు ఐడియాస్‌లో విడిగా విభాగం లేదు. ఓసీడీ ఉన్నవాళ్లలో చాలామందికి రాత్రి ఆలస్యంగా పడుకోవడం, పొద్దెక్కి లేవడం అలవాటై కూర్చుంటుంది. పడుకునే ముందు చేయవలసిన తంతు ఒక కారణం. అది ఒక్క అడుగు తప్పిందనిపిస్తే మొదటినుంచి చేయాలి. నిద్ర తగ్గితే మర్నాడు వద్దనుకున్న ఆలోచనను పక్కకు నెట్టే సత్తువ తగ్గుతుంది. యార్క్ విశ్వవిద్యాలయం వాళ్లు ఓసీడీ లేని ఆరోగ్యవంతుల మీదే ఈ సంగతి చూశారు: రాత్రంతా మేలుకున్నవాళ్లు వద్దన్న జ్ఞాపకాలను ఆపలేక ఎక్కువ తడబడ్డారు. ఓసీడీ ఉన్నవాడికి ఆ తడబాటంటే మర్నాడు ఇంకో గంట కడగడం. ఆ గంట మళ్లీ రాత్రిలోంచే పోతుంది.

ఇక పదకొండింటికి లేచేవాణ్ని ఊళ్లో ఏమంటారో మీకు తెలుసు. సోమరి. మా సదరం స్లాటు పొద్దున తొమ్మిదిన్నరకు. వాడు నాలుగింటికి నిద్రపోయి ఆరింటికి లేచాడు, స్నానానికి టైము కావాలి కదా.

*

నిద్ర మాట వచ్చింది కాబట్టి, కాఫీ గురించి ఒక ముక్క ఓసీడీ ఇళ్లన్నిటికీ చెప్పాలనిపిస్తుంది. ఓసీడీకి వాడే మందుల్లో ఫ్లువాక్సమీన్ ఒకటి. కెఫీన్‌ను అరగదీసే కాలేయపు ఎంజైమును ఇది గట్టిగా అడ్డుకుంటుంది. మామూలుగా ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి ఐదు గంటలు పడితే, ఈ మందు వేసుకున్నప్పుడు అది ముప్పై గంటలు దాటవచ్చు. అంటే నిన్న సాయంత్రం తాగిన ఫిల్టర్ కాఫీ ఈ రాత్రికి కూడా సగం మిగిలే ఉంటుంది. టీ అయినా అంతే. "మందు వేసుకున్నప్పటినుంచి నిద్ర లేదు, మందు పడలేదు" అని మానేసేవాళ్లలో కొందరికి పడనిది కాఫీ కావచ్చు. మానేముందు డాక్టరును అడగండి.

ఇంకో మందు క్లోమిప్రమీన్, అమెరికాలో 1989లో ఓసీడీకి మొట్టమొదట అనుమతి పొందింది. అది మత్తునిస్తుంది, అందుకే చాలామందికి రాత్రిపూట రాస్తారు. ఫ్లువాక్సెటీన్ కొందరికి నిద్ర చెడగొడుతుంది, అది పొద్దున వేసుకోమంటారు. మందు ఏ పూట వేసుకోవాలన్నది చీటీలో చిన్న గీతే, ఒక రాత్రి దాని మీద ఆధారపడి ఉంటుంది.

*

చూసుకుని చూసుకుని సరిపెట్టుకోలేని మనిషి చేతికి ఆధార్ నంబరు పన్నెండు అంకెలు రాయమని ఫారం ఇస్తే ఏమవుతుందో ఆలోచించారా? మా వాడు సచివాలయం బెంచీ మీద ఒకే ఫారం మూడు రాశాడు. మొదటిదాంట్లో 8 కొంచెం 3లా ఉందన్నాడు. రెండోదాంట్లో సంతకం బ్యాంకు సంతకంలా లేదన్నాడు. మూడోది ఇచ్చాక గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లాడు, పేజీ తిరగేసి చూశారో లేదో అడగడానికి. నేను రాసి పెడతానన్నాను. "నువ్వు రాస్తే తప్పు రాశావేమోనని నాకు నిద్ర పట్టదు అన్నయ్యా" అన్నాడు. నిజమే.

*

కాగితం చేతికొస్తే ఏముంది అంటారా? ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 2023 జులైలో 4,016కు పెంచారు. 40 శాతంతోపాటు కుటుంబం అర్హతలూ చూస్తారు. పాత పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికి 80యు కింద 75,000 మినహాయింపు, 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000. ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకిచ్చే 4 శాతంలో ఒక శాతం మానసిక అనారోగ్యానికీ చెందుతుంది. ఆటిజం లాంటివాటితో కలిసి పంచుకోవాలి. వైకల్య గుర్తింపు కార్డు యూడీఐడీ రంగులు: 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, ఆపైన నీలం.

శాతం తక్కువ వేశారనిపిస్తే 90 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఈసారి లోపలికి వెళ్లేటప్పుడు పెద్ద మాటలు అక్కర్లేదు, గంటలు చెప్పండి. ఒక వారం నోటుబుక్కులో రాసుకోండి: స్నానానికి ఎంతసేపు, గడపదాటడానికి ఎంతసేపు, పడుకున్నదెప్పుడు, నిద్రపట్టిందెప్పుడు. వై-బాక్స్ స్కోరు డాక్టరు చేత చీటీ మీద రాయించుకోండి. నోటుబుక్కు రాయడమే ఇంకో తంతుగా మారేటట్టుంటే ఇంట్లో వేరేవాళ్లు రాయండి, వాడికి చూపించకండి.

*

కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది. నిద్రపట్టనివాళ్లకు కావలసింది ఆ చివరిదే.

మాకు 40 రాలేదు. తెల్ల కార్డు. అప్పీలుకు పిన్ని నా చేత నోటుబుక్కు కొనిపించింది, మొదటి పేజీ తనే రాసింది. పెన్సిలుతో, వంకర అక్షరాలతో: "సోమవారం. గ్యాసు పద్నాలుగు సార్లు. మూడు పది."